పన్నెండు మీద ఒకటి

గుమ్మలక్ష్మీపురం బ్రాంచికి ట్రాన్స్‌ఫర్ అయ్యేనాటికి నాకు నలభై ఆరేళ్ళు. మా ఆయన, పిల్లాడు విశాఖలో ఉండిపోయారు. అమ్మని మాత్రం నాతో తెచ్చుకున్నాను. బ్యాంకు వెనక సందులోనే ఇల్లు దొరకడం ఒక కారణం. అమ్మని వదిలిపెట్టి ఉండలేని పరిస్థితి రెండో కారణం. బొబ్బిలి చుట్టుపక్కల ఊళ్ళలో ముప్ఫై రెండేళ్ళు ఒకటో తరగతికి పాఠాలు చెప్పిన మనిషి, పొద్దున్న తిన్న ఉప్మా మధ్యాహ్నానికి మర్చిపోతోంది. రెండేళ్ళ క్రితం డాక్టరు అల్జీమర్స్ అన్నారు. ఆ మాట అమ్మకి చెప్పాలా వద్దా అని మేం తేల్చుకునేలోగా, చెప్పినా గుర్తుండని దశ వచ్చేసింది.

వచ్చిన కొత్తలో ఒక సంత రోజు, కౌంటర్ దగ్గర ఒక సవర పెద్దావిడ డబ్బు తీసుకుంది. ముప్ఫై మూడు వంద నోట్లు. పక్కకి వెళ్ళి గోడవారన కూచుని లెక్కపెట్టుకుంది. నోట్లని మూడు కుప్పలు చేసింది. ఇరవై ఒకటి, పన్నెండు ఒకటి, విడిగా ఒకే ఒక్క నోటు. తర్వాత అన్నీ కలిపి కొంగున ముడేసుకుంది. పదులుగా కాకుండా ఇలా ఎందుకు పేర్చిందో నాకు అర్థం కాలేదు. సవర లెక్కే అంత అని అటెండరు చెప్పాడు. పన్నెండు దాకా ఒక్కో అంకెకి ఒక్కో పేరుంటుంది. పదమూడు అంటే పన్నెండు మీద ఒకటి. ఇరవైకి మళ్ళీ కొత్త పేరు. ముప్ఫై మూడంటే ఇరవై, పన్నెండు, ఒకటి. కుర్రాళ్ళు తెలుగులోనే లెక్కపెట్టేస్తున్నారు గానీ ఈమె వేళ్ళకి పాత లెక్కే వచ్చు.

ఇరవై ఏళ్ళుగా నోట్లు లెక్కపెట్టడమే నా ఉద్యోగం. లెక్కకి ఇంకో దారి ఉంటుందని ఆ రోజు దాకా తెలీదు. సవర నేర్చుకుందామని అప్పుడే అనుకున్నాను. అనుకున్న వారంలోనే వదిలేశాను కూడా. అబొయ్, బాగు, యాగి అని మూడంకెలు నోటుబుక్కులో రాసుకుంటే, మర్నాటికి మూడోది జారిపోయింది. "వయసైపోయింది, ఇంకేం ఎక్కుతాయి" అని పక్క సీటాయనతో నవ్వుతూ అన్నాను గానీ ఆ నవ్వు వెనక భయం ఉంది. అమ్మకి మొదట జారింది కూడా ఇలాంటి చిన్న మాటలే.

*

నెల తిరిగేసరికి అదే పెద్దావిడ నా టేబుల్ దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. డబ్బు కోసమేమో అనుకున్నాను. బొటనవేలు చూపిస్తోంది. ఊళ్ళోకొచ్చే చిన్న మెషీను మీద ఆ వేలు పడదు. పసుపు తవ్వి, కొండచీపురు కోసి, చింతపండు గింజ తీసి, వేలి మీద గీతలు అరిగిపోయాయి. నాలుగుసార్లు నొక్కితే ఒకసారి పడుతుంది. బ్రాంచికి వస్తే ఇంకు వేలిముద్రతో పని జరుగుతుంది గానీ దానికి సాక్షి కావాలి.

"ఈ ఏలు పడదమ్మా. నాకు సంతకం నేర్పీ," అంది.

మెషీను గొడవ వల్లే అడుగుతోందనుకుని, మనవడిని తోడు తెచ్చుకుంటే సరిపోతుందని చెప్పాను. ఆమె కదల్లేదు. కాసేపాగి అసలు సంగతి చెప్పింది.

"మా అయ్య ఏలేసినాడు. ఏటికేసినాడో అయ్యకే తెల్దు. చింతసెట్లు పోయినాయి, బూమి పోయింది."

అరవైల నాటి మాట అది. షావుకారు ఇచ్చే ఉప్పుకీ, బట్టకీ, అప్పుకీ కాగితం మీద వేలు పడేది, కొండవాలు భూమి చేతులు మారేది. శ్రీకాకుళం గిరిజన పోరాటం గురించి చదివినవాళ్ళకి ఇది తెలిసిన కథే. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగాయి. కోరన్న, మంగన్న చనిపోయారు. ఈమె వయసు మాకు తెలిసింది ఆ తేదీ వల్లనే. ఆధార్‌లో పుట్టిన రోజు జనవరి 1 అని ఉంది, అందరికీ ఉన్నట్టే. "లేవిడికాడ కాల్సినప్పుడు నాను మేకలు కాస్తన్నాను," అంది. అప్పటికి పదేళ్ళనుకుంటే ఇప్పుడు అరవై ఏడు, అరవై ఎనిమిది.

పిల్లప్పుడూ వయసులో ఉన్నప్పుడూ జరిగినవి ముసలితనంలో మిగతావాటికన్నా ఎక్కువ గుర్తుంటాయని జ్ఞాపకాల మీద పనిచేసేవాళ్ళు చెప్తారు. ఆమెకి నిరుడు ఎవరు ఎంత బాకీయో తికమకే. ఆ అక్టోబరులో ఏ మేక తప్పిపోయిందో మాత్రం చెప్పగలదు.

*

నేర్పాలంటే నాకు టైం లేదు. నిజం చెప్పాలంటే నమ్మకం కూడా లేదు. నలభై ఆరులో నాకు మూడంకెలు నిలవకపోతే అరవై ఎనిమిదిలో అక్షరాలు నిలుస్తాయా? అయినా కాదనలేక, సంత రోజు సాయంత్రం ఆటో నిండేదాకా మా ఇంట్లో కూచోమన్నాను. నేను వచ్చేసరికి ఇంకో గంట పట్టింది.

వచ్చి చూస్తే వరండాలో అమ్మ పీట మీద కూచుని ఉంది. ఎదురుగా నేల మీద ఆమె. మధ్యలో మా పిల్లాడి పాత పలక. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ‘ర’ దిద్దిస్తోంది. "పైనుంచి రా తల్లీ. గుండ్రంగా తిప్పు. తొందరేం లేదు, చుట్టాక తలకట్టు." ఏడాదిగా నేను వినని గొంతు అది. నా పేరు కోసం తడుముకునే గొంతు కాదు. ఒకటో తరగతి గొంతు.

ఇంటిపేరు రికార్డుల్లో ‘సవర’. ఆమె పేరు ఇంకో రెండక్షరాలు. మొత్తం ఐదు. అ ఆలు కాకుండా పేరులోని అక్షరాలతో మొదలుపెట్టాలని అమ్మకి ఎవరూ చెప్పలేదు. ముందు ‘ర’, తర్వాత ‘వ’, చివర ‘స’. చేతికి తేలికైనది ముందు.

ఆ రాత్రి నాకు హెచ్.ఎం. గుర్తొచ్చాడు. సైకాలజీ పుస్తకాలన్నిటిలో కనిపించే పేషెంటు. అసలు పేరు హెన్రీ మొలైసన్. 1953లో మూర్ఛలు తగ్గించడానికి మెదడులో రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఆ తర్వాత కొత్త విషయం ఏదీ అతనికి నిలవలేదు. అప్పుడే కలిసిన మనిషిని మళ్ళీ కొత్తగా పలకరించేవాడు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. రోజురోజుకీ తప్పులు తగ్గాయి. చెయ్యి నేర్చుకుంది. కానీ ప్రతిరోజూ ఆ పని మొదటిసారి చేస్తున్నాననే అనుకున్నాడు. ‘ఏమిటి’ అనేది ఒక చోటా, ‘ఎలా’ అనేది ఇంకో చోటా ఉంటాయని అప్పటినుంచే తేటపడింది. అమ్మకొచ్చిన జబ్బు మొదట కొరికేది ఆ హిప్పోకాంపస్ పరిసరాలనే. ముప్ఫై రెండేళ్ళు దిద్దించిన చెయ్యి దాకా ఇంకా రాలేదు.

*

మర్నాటి వారం ఆమె వచ్చేసరికి అమ్మ పూర్తిగా మర్చిపోయింది. "కొత్తగా చేరావా తల్లీ? పలక తెచ్చుకున్నావా? ఇవాళ మొదటి రోజు కదా," అంది.

ఆమె నా వైపు చూసింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆమే అమ్మ వైపు తిరిగి, "అవునమ్మా, మొదట్రోజే," అని పలక ముందుకి జరిపింది.

అలా ఎన్ని మొదటి రోజులో! ప్రతివారం ‘ర’ దగ్గర్నుంచే. నాకు జాలిగా, కొంచెం విసుగ్గా ఉండేది. ముందుకెళ్ళేది ఎప్పుడు? కానీ ఐదో వారానికి ఆమె చెయ్యి పట్టుకోనవసరం లేకుండా ‘సవర’ రాసింది. అప్పుడు ఆలోచిస్తే అర్థమైంది. వారం గ్యాపు తర్వాత, సగం మర్చిపోయాక, మళ్ళీ మొదటినుంచి గుర్తుతెచ్చుకుని రాయడం. పాఠం గట్టిపడటానికి అంతకన్నా మంచి పద్ధతి లేదని మెమరీ మీద పరిశోధించేవాళ్ళు నూరేళ్ళుగా చెప్తున్నదే ఇది. ఒకే రాత్రి వందసార్లు దిద్దడం కన్నా వారానికోసారి తడుముకోవడం మేలు. ఓపికున్న పంతులమ్మ కూడా ఐదోసారి ‘ర’ దగ్గరికి రమ్మంటే మొహమాటపడుతుంది. అమ్మకి ఆ మొహమాటం లేదు. ప్రతిసారీ కొత్త ఉత్సాహమే.

అన్ని వారాలూ ఇంత బాగా నడవలేదు. ఒకరోజు అమ్మ తలుపు తీసి, ఎవరో ఇంట్లోకి దూరుతున్నారని కేకలేసింది. దొంగ అంది. ఇంకా అనకూడని మాట ఒకటి అంది. జబ్బుది కాదు, మా కులాల ఇళ్ళలో పాతుకుపోయిన మాట. నేను పరిగెత్తుకొచ్చేసరికి ఆమె మెట్టు దిగి, తెచ్చిన పసుపు కొమ్ముల పొట్లం గుమ్మం దగ్గర పెట్టి నిలబడి ఉంది. నాకు తలెత్తబుద్ధి కాలేదు. "మా ఊర్లో ముసిలోళ్ళకీ ఇలాగే అవుతాది," అని ఆటో వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ రాదనుకున్నాను. రెండు వారాలు రాలేదు. మూడో వారం వచ్చింది. అమ్మకి ఏదీ గుర్తులేదు. ఆమెకి ఉండే ఉంటుంది.

*

పెద్దవాళ్ళ మెదడు మారుతుందా అన్న ప్రశ్నకి పుస్తకాల్లో నాకు దొరికిన జవాబులు రెండు రకాలు. మొదటి రకం భయపెట్టేవి. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో పసిపిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి. ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని ‘త’నీ ‘ట’నీ తేడాగా వినగలిగారు. ఏడాది నిండేసరికి ఆ శక్తి తగ్గిపోయింది. వాళ్ళ ఇంట్లో ఆ తేడాతో పని లేదు కాబట్టి చెవి దాన్ని పట్టించుకోవడం మానేసింది. మనం గర్వంగా పలికే ట-త తేడాకి ఇంత కథ ఉంది. నా సంగతీ అంతే. నీళ్ళకి సవరలో వాడే మాట నాకు ఉత్త ‘డా’లా వినిపిస్తుంది. మధ్యలో గొంతు ఒక్క క్షణం మూసుకుని తెరుచుకుంటుంది. ఆమె ఎన్నిసార్లు పలికినా మొదట్లో నాకు ఆ తెగుడు వినపడేదే కాదు.

2018లో హార్ట్‌షోర్న్, టెనెన్‌బామ్, పింకర్ ఆన్‌లైన్ పరీక్షతో దాదాపు 6,70,000 మంది ఇంగ్లీషు వ్యాకరణాన్ని అంచనా వేశారు. కొత్త భాష వ్యాకరణాన్ని పట్టే వేగం పదిహేడేళ్ళ దాకా బాగా ఉండి తర్వాత పడిపోతుందన్నారు. అది చదివి ఆ రోజుకి నోటుబుక్కు మూసేశాను.

రెండో రకం జవాబులు వేరే. ఉత్తరప్రదేశ్‌లో లక్నో దగ్గరి పల్లెల్లో చదువురాని పెద్దవాళ్ళకి ఆరు నెలలు హిందీ చదవడం నేర్పారు. ఎక్కువమంది ముప్ఫైల్లో ఉన్న ఆడవాళ్ళు. ముందూ వెనకా మెదడు స్కానింగులు తీశారు. 2017లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం మార్పు మెదడు పైపొరలోనే కాదు, లోపల థాలమస్‌లో, మెదడు కాండంలో కూడా కనిపించింది. చూపుకి సంబంధించిన చాలా పాత భాగాలవి. మనిషి రాత కనిపెట్టడానికి ఎన్నో లక్షల ఏళ్ళ ముందునుంచీ ఉన్నవి. నిన్నగాక మొన్న వచ్చిన అక్షరం వాటినీ కదిలించిందంటే నాకు ఆశ్చర్యమేసింది. ఆ ఆడవాళ్ళు ముప్ఫైల్లో ఉన్నారు, ఈమె అరవై ఎనిమిది. తేడా ఉంటుంది. కానీ తలుపు మూసుకుపోలేదు.

పసిపిల్లల మెదడు విన్నదానికల్లా మారుతుంది. పెద్దవాళ్ళ మెదడు అలా మారదు. ఇది నాకు ముఖ్యం అని అది నమ్మాలి. పెద్ద జంతువులకి ఏదో శబ్దం ఊరికే వినిపిస్తే మెదడులో పెద్దగా ఏమీ జరగదనీ, ఆ శబ్దాన్ని పట్టించుకుని తీరాల్సిన పని పెడితే దానికి సంబంధించిన చోటు పెరుగుతుందనీ మైకేల్ మెర్జెనిక్ బృందం ప్రయోగాల్లో తేలింది. నాకూ ఆమెకీ తేడా వయసులో లేదు. నేను సరదాకి మొదలుపెట్టాను. ఆమెకి చింతచెట్లు పోయాయి.

*

ఈ కొండల్లో సవర నేర్చుకున్న తెలుగువాడి పేరు ఒకటి అందరికీ తెలుసు. గిడుగు రామమూర్తి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండలేసి వ్యావహారిక భాష గురించి మాట్లాడతాం. ఆయన జీవితంలో సగానికి సగం సవర భాషదని అంతగా చెప్పుకోం. 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, ముప్ఫయ్యో పడి దగ్గర్లో సవర నేర్చుకోవడం మొదలుపెట్టారు. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, సవర పిల్లలకి బడి పెట్టారు, కొండలెక్కారు. మన్యం జ్వరం పట్టుకుంది. క్వినైన్ వాడకంతో చెవుడొచ్చింది. గొంతులో ఒక్క క్షణం తెగే శబ్దాన్ని పట్టుకుని కాగితం మీద పెట్టాల్సిన మనిషికి వచ్చిన జబ్బు అది. సవర భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన మాన్యువల్ 1931లో అచ్చయింది, అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో, డెబ్భై ఐదేళ్ళకి. మరో రెండేళ్ళకి పోయారు.

నా నోటుబుక్కు మళ్ళీ తెరిచింది ఈ లెక్క చూసుకున్నాకే. మాన్యువల్ నాటికి గిడుగు వయసూ, పలక పట్టిన ఈమె వయసూ ఒకటే.

ఈమెకి సవరా వచ్చు, తెలుగూ వచ్చు, సరిహద్దు అవతలి ఒడియా కొంచెం వచ్చు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లని పరిశీలించి 2013లో ఒక సంగతి బయటపెట్టింది. రెండు, మూడు భాషలు మాట్లాడేవాళ్ళకి, ఒకే భాష వాళ్ళకన్నా సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు బయటపడింది. చదువు ఎక్కువుండటం వల్ల కాదు, బడి మొహం చూడనివాళ్ళలో కూడా ఆ తేడా ఉంది. తెలుగు, ఉర్దూ, హిందీ వీధిలోనే కలిసిపోయే ఊరు కాబట్టి దొరికిన ఫలితం. తర్వాత వేరే చోట్ల చేసిన పరిశోధనలన్నీ దీనితో ఏకీభవించలేదు. అదీగాక ఆలస్యం అంటే రాకపోవడం కాదు.

ఈ పేపరు చదివిన రాత్రి అమ్మ మీద కోపమొచ్చింది. జీవితమంతా చదివింది, చదివించింది. ఒడియా నేర్చుకుని ఉంటే? రోజూ నడిచి ఉంటే? ఇలాంటి కోపానికి అర్థం లేదని తెలుసు. 648 మంది సగటులో మా అమ్మ లేదు. సగటు ఒక ఊరికి దారి చూపించవచ్చు గానీ ఒక ఇంటి తలుపు తట్టి ఎందుకొచ్చిందో చెప్పదు.

*

నవంబరులో ఆమె దరఖాస్తు పెట్టింది. వేలిముద్ర ఖాతాని సంతకం ఖాతాగా మార్చాలి. నమూనా కార్డు మీద మూడు సంతకాలు. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. ఒక ‘వ’ బొద్దుగా, ఒకటి సన్నగా. రూలు ప్రకారం నేను పోల్చి చూడాలి. "మేడం, రేపు మ్యాచ్ కాకపోతే గొడవ మనకే," అన్నాడు పక్క సీటాయన. ఆయన మాటా తప్పు కాదు. ఇంకో కార్డిచ్చాను. ఆమె రాయలేదు. కార్డుని నా వైపు తిప్పింది.

"ముందు ఇందులో ఏటి రాసుందో సదువు. అప్పుడేస్తాను."

చదివాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాను. మధ్యలో రెండుచోట్ల ఆపి మళ్ళీ అడిగింది. ఇరవై ఏళ్ళలో నేను వేలిముద్రలు తీసుకున్న కాగితాల్లో ఎన్ని ఇలా చదివి వినిపించానో లెక్కేసుకుంటే సిగ్గేసింది. ఆ తర్వాత ఆమె చాలా నెమ్మదిగా, పెదాలు కదుపుతూ, మూడుసార్లు రాసింది. మూడూ ఒక్కలా ఉన్నాయి.

అదే నెలలో అమ్మ పెన్షన్ కాగితం వచ్చింది. బతికే ఉన్నట్టు సంతకం పెట్టాలి. అమ్మ పెన్ను పట్టుకుని చాలాసేపు చూసింది. ‘ర’ దిద్దించగలదు, ఎవరి పేరైనా విడగొట్టి నేర్పగలదు. తన పేరు మాత్రం రాలేదు. రెండక్షరాలు రాసి, తర్వాత ఏమిటన్నట్టు నా మొహంలోకి చూసింది. చివరికి ఇంకు ప్యాడ్ తెచ్చాను. సాక్షి సంతకం నాది.

అది సంత రోజే. ఆమె వచ్చేసరికి అమ్మ బొటనవేలు ఇంకా నీలంగా ఉంది. కొబ్బరినూనె చుక్క వేసి ఆమే తుడిచింది. తుడుస్తూ ఒక్కో వేలినీ పట్టుకుని సవరలో లెక్కపెట్టింది. పది వేళ్ళూ అయిపోయాక నా చెయ్యి లాగి ఇంకో మూడు వేళ్ళు కలిపింది. పన్నెండు దాకా పేర్లు నేను కూడా పలికాను. పదమూడోది, పన్నెండు మీద ఒకటి, నాకు గుర్తొచ్చింది.

అమ్మ ఇద్దర్నీ చూసి పీట మీద సర్దుకుంది.

"పలక తెచ్చుకున్నావా తల్లీ?"

"తెచ్చినానమ్మా. మొదట్రోజే," అంది ఆమె.